నాయినకు అరికాళ్ల మంటలు, పొద్దున్నే చేతుల వణుకు: ఇదంతా తాగుడు వల్లేనా?

దేవరకొండ పిలగాడు:
అందరికీ నమస్తే. మా నాయినకు 54 ఏళ్లు. ఇరవై ఏళ్ల నుంచి తాగుతున్నాడు, మొదట్లో కల్లే, ఊళ్లో బెల్టు షాపు వచ్చాక రోజూ ఒక క్వార్టర్, ఈ మూడేళ్ల నుంచి రెండు. తాగి ఎవరితో గొడవ పడడు, పత్తి చేను పని ఏనాడూ మానలేదు, అందుకే మేమూ తాగితే తాగనీ అని ఊరుకున్నాం. ఇప్పుడు భయమేస్తోంది. పొద్దున లేవగానే చేతులు వణుకుతాయి, చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా లుంగీ మీద ఒలుకుతుంది, కొంచెం మందు పడితేనే ఆ వణుకు ఆగుతుంది. రాత్రిళ్లు అరికాళ్లు మంటలని తడి గుడ్డ చుట్టుకుని పడుకుంటాడు. మొన్న చేను నుంచి వచ్చాక చూస్తే ఒక కాలికి చెప్పు లేదు, ఎక్కడ జారిపోయిందో ఆయనకే తెలియదు, మడమలో తుమ్మ ముల్లు విరిగి ఉంది, అదీ తెలియదు. మా దగ్గర ఏ కాళ్ల నొప్పి వచ్చినా ఫ్లోరైడ్ నీళ్ల వల్లే అంటారు, ఊళ్లో ఆర్ఎంపీ కూడా అదే చెప్పి నొప్పుల గోళీలు ఇస్తున్నాడు. స్కాన్ తీయిస్తే ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2, అంటే లివర్‌కు కొవ్వు పట్టిందని వచ్చింది. గదిలో వేసి వారం రోజులు తాళం పెడితే అదే మానుతాడని మా చిన్నాయిన అంటున్నాడు, ఈ ఆదివారం అట్లనే చేద్దామనుకుంటున్నాం. కాళ్లకూ తాగుడుకూ నిజంగా సంబంధం ఉందా? తాళం సంగతి ఏమంటారు?

పాలమూరు సిస్టర్:
తమ్మీ, ముందు ఆ తాళం ఆలోచన మానుకోండి. మీ నాయినలాంటి వాళ్లను వార్డులో చాలామందిని చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. మందు మెదడును నెమ్మది చేస్తుంది, రోజూ అదే జరిగితే మెదడు దాన్ని తట్టుకోవడానికి తన వేగం పెంచుకుని కూర్చుంటుంది. ఒక్కసారిగా మందు ఆపితే ఆ వేగానికి పగ్గం ఉండదు. ఆరు గంటలు దాటితే వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి మతి తప్పుతుంది, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, జ్వరం, గుండె దడ, ప్రాణం మీదికి వస్తుంది. పొద్దున్నే వణుకుతూ మందు పడితే ఆగుతుందన్నారు చూడండి, అదే గుర్తు. ఆస్పత్రిలో అయితే గోళీలు ఇచ్చి వాటిని రోజురోజుకూ తగ్గిస్తూ మాన్పిస్తారు.

కాళ్ల సంగతి. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు, విస్కీలో దాదాపు 43 శాతం ఆల్కహాల్, అంటే ఒక్క క్వార్టర్‌లోనే 60 గ్రాముల ఆల్కహాల్ లోపలికి పోతుంది. మీ నాయినకు రోజుకు 120. తాగేవాళ్లు అన్నం సరిగా తినరు, తిన్నదాంట్లోని బీ1 విటమిన్‌ను కూడా మందు ఒంటికి పట్టనివ్వదు. శరీరంలో బీ1 నిల్వ కొన్ని వారాలకు మించి ఉండదు. దానికి తోడు మందు నరాలను నేరుగా కూడా దెబ్బతీస్తుంది. పొడుగాటి నరాలు ముందు దెబ్బతింటాయి, అందుకే రెండు అరికాళ్లలో మంట, తర్వాత మొద్దుబారడం. ఫ్లోరైడ్ ఎక్కువగా ఎముకలను, కీళ్లను పట్టుకుంటుంది, మెడ, నడుము బిగుసుకుపోతాయి. బాగా ముదిరితే నరాల మీదా ఒత్తిడి పడుతుంది కాబట్టి రెండూ ఉండొచ్చు, షుగర్ కూడా చూపించండి, దానికీ ఇవే మంటలు. ముల్లు గుచ్చుకున్నా తెలియలేదంటే రోజూ రాత్రి అరికాళ్లు మీరే చూడాలి, పుండు పడితే చాలా ఇబ్బంది.

ఆ నొప్పుల గోళీలు మాత్రం ఆపించండి, మందు మీద అవి పడితే కడుపులో రక్తం కారొచ్చు.

మిర్యాలగూడ రైస్‌మిల్లు:
తమ్ముడూ, నేను మిల్లులో హమాలీ మేస్త్రిని, పదిహేనేళ్లు తాగి మానేసి నాలుగేళ్లయింది. నాక్కూడా మొదట ఫ్యాటీ లివరే అన్నారు, నొప్పి లేదు కదా అని రిపోర్టు బీరువాలో పడేశాను. లివర్ నొప్పి పెట్టదు, అదే దానితో కష్టం. తర్వాత కాళ్లూ చేతులూ సన్నబడి పొట్ట ఒక్కటే ఉబ్బింది, లుంగీ ముడి అందేది కాదు, మా ఇంట్లో వాళ్లు ఒళ్లు చేశాను అనుకున్నారు. అది నీరు. ఒక రాత్రి బకెట్‌లోకి నల్లగా, గడ్డలు గడ్డలుగా రక్తం కక్కాను. లివర్ గట్టిపడితే దానిలోంచి పోవాల్సిన రక్తం పోదంట, సాగర్ కాలువకు అడ్డం పడితే నీళ్లు ఎనక్కి తన్ని పక్క పొలాలెక్కినట్టు ఆ రక్తం తిండి గొట్టం రక్తనాళాల్లోకి ఎక్కి ఉబ్బించి పగలగొడుతుంది. గొట్టం వేసి లోపల రబ్బరు బ్యాండ్లు వేశారు, నాలుగు సార్లు వేయించుకున్నాను. అప్పటికి సిరోసిస్, అంటే లివర్ గట్టిపడిపోయింది, అది ఎనక్కి పోదన్నారు, మందు మానితే ముదరకుండా ఆగుతుందన్నారు, ఇప్పటిదాకా ఆగింది. మీ నాయినది గ్రేడ్ 2 దగ్గరే ఉంటే మానేస్తే లివర్ మళ్లీ మామూలుగా అవుతుంది, నాకు ఆ అవకాశం ఉన్నప్పుడు చెప్పినవాడు లేడు, అందుకే ఇంత రాస్తున్నా. మలం తారులాగా నల్లగా వచ్చినా, కళ్లు పచ్చబడినా, పగలు పడుకుని రాత్రి మేలుకుంటూ మాట తేడాగా మాట్లాడినా ఆ రోజే తీసుకుపో.

నాగర్‌కర్నూల్ సారు:
ఒక్క మాట. ఆయన ఇప్పటికీ కల్లు తాగుతున్నాడేమో అడుగు. మన వైపు కొన్ని దుకాణాల కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి నిద్ర మందులు కలుపుతారు. అది ఆగినా వణుకు, ఫిట్స్, పిచ్చిపిచ్చిగా ప్రవర్తించడం వస్తాయి. డాక్టర్‌కు రెండూ చెప్పాలి, సిగ్గుపడి ఒకటి దాస్తే ఆయన లెక్క తప్పుతుంది. బీపీ, గుండె లయ కూడా చూపించండి, తాగుడు రెండింటినీ పాడు చేస్తుంది. ఇంకా నోరు, గొంతు, తిండి గొట్టం, లివర్ క్యాన్సర్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టింది 1988లోనే.

దేవరకొండ పిలగాడు:
అందరికీ చాలా థ్యాంక్స్. చిన్నాయినకు ఇదంతా చదివి వినిపించాను, తాళం మాట మళ్లీ ఎత్తలేదు. కల్లు సంగతి అడిగితే చేనుకు పోయేటప్పుడు దారిలో రోజూ ఒక సీసా అని ఇప్పుడు ఒప్పుకున్నాడు, మాకెవరికీ తెలియదు. కానీ ఆస్పత్రి అంటే నేనేమన్నా తాగుబోతునా అని కోపానికొస్తున్నాడు. ఎట్లా తీసుకుపోవాలి?

పాలమూరు సిస్టర్:
తాగుడు కోసం అనకండి. కాళ్ల మంటల కోసం అనండి, అది ఆయన్ను నిజంగా బాధపెడుతున్నది. నల్గొండ ప్రభుత్వ ఆస్పత్రికి పోయి జనరల్ మెడిసిన్ ఓపీలో చూపించండి, డాక్టర్‌కు మీరు పక్కన విడిగా అన్నీ చెప్పండి, అవసరమైతే వాళ్లే మానసిక వైద్యుల దగ్గరికి పంపుతారు. ఈలోపు మందు ఒక్కసారిగా ఆపొద్దు, ఖాళీ కడుపుతో ఉంచొద్దు. మీకు టెన్షన్‌గా ఉంటే 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, మాన్పించడం గురించి అడగాలంటే 14446 ఉంది, రెండూ ఫ్రీ.

దేవరకొండ పిలగాడు:
కాళ్ల కోసం అంటే సరే అన్నాడక్కా. సోమవారం మొదటి బస్సుకు పోతున్నాం. స్కాన్ రిపోర్టు, గోళీల అట్టలు అన్నీ ఒక కవర్‌లో పెట్టాను. మడమలో ముల్లు అమ్మ నిన్న రాత్రి సూదితో తీసింది, నాయిన దూరదర్శన్‌లో వార్తలు చూస్తూనే కూర్చున్నాడు, కాలు కూడా కదపలేదు.