గోదావరిఖని: ఊరి పేరులో ఉన్న రెండు మాటలూ ఊళ్లో ఎందుకు వినపడవు?

నిన్న గుంపులో ఒకరు అడిగారు: "గోదావరిఖనిలో ఖని అంటే గనే కదా, మరి అక్కడివాళ్లు గని అనకుండా బాయి (బావి) అంటారేం?" కామెంట్లో రెండు ముక్కలు రాసి వదిలేద్దామనుకున్నాను గానీ, అంతలో తేలే విషయం కాదిది. పైగా అడిగింది సగమే. ఆ పేరులో మొదటి సగానిదీ అదే కథ.

గోదావరి, ఖని రెండూ చక్కటి సంస్కృతం మాటలు. మా పాతతరం నోట ఈ రెండూ అరుదు. వాళ్లకు నది గంగ, గని బాయి. "పెద్దోడు బాయికి పోయిండు, అత్త గంగకు పోయింది, ఇంట్ల ఎవ్వలు లేరు" అంటే ఆ ఊళ్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మంచిర్యాల బస్సు వంతెన మీదికి రాగానే ముసలమ్మలు కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల తీస్తారు. కిటికీలోంచి విసిరితే సగం బిళ్లలు రెయిలింగుకు తగిలి రోడ్డు మీదే పడతాయి. అయినా చేతులు జోడించి "గంగమ్మ తల్లీ" అనే మొక్కుతారు. గోదావరమ్మా అన్నవాళ్లను నేనైతే వినలేదు. వంతెనకు పోయే దారిలో ఉన్న కాలనీ పేరు కూడా గంగానగరే.

ముందు బాయి సంగతి. సింగరేణి కంపెనీ ఇక్కడ బొగ్గు గనులు తెరిచింది 1960ల మొదట్లో. పనికొచ్చినవాళ్లలో చాలామంది చుట్టుపక్కల పల్లెల రైతులు, కూలీలు. మా పల్లెల్లో "బాయికాడికి పోయిండు" అంటే నీళ్లకు పోయాడని కాదు, పొలానికి పోయాడని. చెరువు కింద భూమి లేనివాడికి సేద్యమంటే బాయే. మోట కొట్టినా, తర్వాత కరెంటు మోటరు పెట్టినా బతుకుదెరువు దాని దగ్గరే. పొద్దున సద్ది కట్టుకుని పోయే చోటు బాయి, చీకటి పడితే తిరిగొచ్చే చోటూ బాయే. అలాంటి మనిషి టోపీకి లైటు, నడుముకు బెల్టు, కాళ్లకు బూట్లు వేసుకుని షిఫ్టుకు బయల్దేరినా, ఇంట్లో చెప్పి పోయే మాట మాత్రం మారలేదు: "బాయికి పోతున్న."

బావి అన్న మాట సంస్కృతం వాపి నుంచి వచ్చింది. బాయి దాని వాడుక రూపం. అంటే ఖని, బాయి రెండింటి మూలమూ సంస్కృతమే. కాకపోతే ఒకటి కాగితం మీద ఉండిపోయింది, రెండోది జనం నోట్లో నలిగింది. మధ్యలో గని ఉంది, అది ఖనికి తద్భవం. మూడూ ఒకే ఊళ్లో వేర్వేరు చోట్ల బతుకుతున్నాయి: బోర్డు మీద ఖని, యూనియన్ కరపత్రంలో గని (తెలంగాణ బొగ్గు గని కార్మిక సంఘం పేరే చూడండి), ఇంట్లో బాయి.

గంగ సంగతికి వస్తే, ఇది మా ఒక్క ఊరిదే కాదు. నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల దిక్కు కూడా గోదావరిని గంగ అనే అంటారు. ఈ తీరంలో గంగవ్వలు, గంగారాంలు ఇంతమంది ఉన్నారంటే ఊరికే కాదు.

నాందేడ్ దిక్కు చుట్టరికం ఉన్న ఒకరి కామెంట్: మహారాష్ట్రలోనూ అంతే. గోదావరి ఒడ్డు నేలను గంగాథడీ అంటారు. పర్భణీ జిల్లాలో నది ఒడ్డునే గంగాఖేడ్ ఉంది. నాసిక్ దగ్గర గోదావరి మీద కట్టిన డ్యాము పేరు గంగాపూర్. పైనుంచి నీళ్లతో పాటు మాట కూడా కిందికి వచ్చిందేమో.

నా జవాబు: బాగా చెప్పారు. కాకపోతే మాట పైనుంచే కిందికి దిగిందని అనలేం. గౌతముడు గంగను దక్షిణాదికి తెచ్చాడన్న పురాణకథ తీరమంతా ఉన్నదే. ఎక్కడికక్కడ అలా పిలుచుకుని ఉండొచ్చు.

ధర్మపురి నుంచి ఒకరు: గోదావరి అన్న మాట మనవాళ్లు అసలు వాడరంటే ఒప్పుకోను. 2015లో పుష్కరాలొచ్చినప్పుడు అందరూ గోదావరి పుష్కరాలనే అన్నారు కదా?

నా జవాబు: అక్కడ గంగ అంటే తకరారు వస్తుంది మరి. గంగా పుష్కరాలు వేరే ఉన్నాయి, 2023లో కాశీకి పోయొచ్చినవాళ్లు బోలెడుమంది. రెండు నదులూ ఒకే మాటలో ఎదురుపడ్డప్పుడు "కాశీ గంగ" అని ఆ గంగకే గుర్తు తగిలిస్తారు. మన గంగకు ఏ గుర్తూ అక్కర్లేదు.

బెల్లంపల్లి నుంచి ఒకరు: మా గనులు మీకంటే పాతవి. బాయి అనడం మా దగ్గరా ఉంది. మీరు మీ పల్లెల నుంచి తెచ్చుకున్నామంటున్నారు గానీ, మా దగ్గర్నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లే తెచ్చి ఉంటారు. ఇంకో మాట: మీవి ఇంక్లైన్లు. ఏటవాలుగా లోపలికి నడిచిపోయే సొరంగాన్ని బాయి అనడం ఏ లెక్కన?

నా జవాబు: ఆకారం చూసి పెట్టిన పేరైతే మీ అభ్యంతరం సరైనదే. పనికి పోయే చోటు కాబట్టి వచ్చిన పేరని నా వాదన, అందుకే ఏటవాలు అడ్డం రాలేదు. ఏటవాలు దారిలో నడిచిపోయినవాడు కూడా "బాయిల దిగిన" అనే అంటాడు. బదిలీ మీద వచ్చినవాళ్లు మాటను తెచ్చారంటే కాదనను. అది ఇక్కడి పల్లెజనానికి కొత్తగా నేర్చుకోవాల్సిన మాట కాకపోవడం వల్లే అంత తేలిగ్గా నిలిచిందంటాను.

ఇంక్లైన్ అన్న మాటను కూడా మావాళ్లు వదల్లేదులెండి. ఎనిమిదో నంబరు ఇంక్లైన్ పేరు మీద ఏర్పడ్డ కాలనీని పేపర్లు "యైటింక్లయిన్ కాలనీ" అని కలిపి రాస్తాయి. తిలక్‌నగర్, జవహర్‌నగర్ లాంటి పేర్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. ఈ సంధి మాత్రం మాదే. వ్యాకరణం పండితులు ఏ సంధో తేల్చాలి.

హన్మకొండ నుంచి ఒకరు: ఇప్పటి పిల్లలు "ఖనిలో ఉంటాం" అంటారు కదా, మరి ఖని వాడుకలో లేదంటారేం?

నా జవాబు: అది ఊరి పేరుకు కురచ రూపం. "ఖనిలో ఉంటాం" అన్న పిల్లవాడికి గనిలో ఉంటామన్న ఊహే రాదు. ఓపెన్‌కాస్టులో, అంటే పైనుంచి నేల తవ్వి బొగ్గు తీసే గనిలో (ఓసీపీ అంటే ఓపెన్‌కాస్టు ప్రాజెక్టు), పనిచేసేవాళ్లయితే "ఓసీపీకి పోతున్న" అంటారు, బాయి అనడం తక్కువ. భూపాలపల్లి, మణుగూరు వాళ్లు ఎవరైనా ఉంటే మీ దగ్గర ఓసీపీని కూడా బాయి అంటారేమో చెప్పండి.