చుక్కల దూరం ఎలా కొలుస్తారో మూడో తరగతి పిల్లలకు ఎలా చెప్పాలి?

పర్లాకిమిడి ట్యూషన్ మేష్టారు:
చందమామ 3,84,400 కిలోమీటర్ల దూరం అనగానే పిల్లలు “టేపు పట్టుకుని ఎవరెళ్లారు?” అంటున్నారు. మూడు, నాలుగు తరగతుల వాళ్లు. త్రికోణమితి లేకుండా, చేత్తో చేయించేది ఏదైనా ఉందా?

రాయగడ లెక్కలాయన:
అంకెలు తర్వాత, మేష్టారూ. ముందు కాలు పెట్టలేని చోటొకటి కొలిపించండి. వాగు అవతల కరెంటు స్తంభం చాలు. ఇవతలి గట్టున 20 మీటర్ల నూలు తాడు బిగించి రెండు కొసల్లో మేకులు కొట్టండి (నైలాను తాడు సాగుతుంది, వద్దు). స్తంభం తాడు మధ్యకి ఎదురుగా ఉండాలి. అట్టకి కోణమాని అంటించి, దాని మధ్య చుక్క సరిగ్గా మేకు మీదకి, అడుగు గీత తాడు మీదకి వచ్చేలా పెట్టి, సన్నటి స్ట్రా లోంచి స్తంభాన్ని చూసి కోణం రాసుకోవాలి. రెండో కొసలోనూ అంతే.

ఇక కాగితం మీద మీటరుకి అర సెంటీమీటరు చొప్పున 10 సెంటీమీటర్ల గీత గీసి, రెండు కొసల్లో ఆ కోణాలు వేస్తే గీతలు ఒకచోట కలుస్తాయి. అక్కడి నుంచి అడుగు గీతకి నిలువుగా 15 సెంటీమీటర్లు వస్తే స్తంభం 30 మీటర్ల దూరం.

తాడు పొట్టిదైతే లెక్క చెడుతుంది. 10 మీటర్ల తాడుతో రెండు కోణాలూ ఒక్కో డిగ్రీ ఎక్కువ వస్తే, ఆ 30 మీటర్లలో మూడు మీటర్లకు పైనే తేడా. 20 మీటర్లదైతే రెండు మీటర్ల లోపే. ఇది వాళ్ల చేతికి తెలిశాక చుక్కల మాటెత్తండి: అక్కడ తాడు 30 కోట్ల కిలోమీటర్లు, అంటే జనవరిలో భూమి ఉన్న చోటి నుంచి జూలైలో ఉండే చోటికి.

బరంపురం నుంచి:
మూడో తరగతికి కోణమాని బరువే. ముందు బొటనవేలు. చెయ్యి బారుగా చాపి, ఒక కన్ను మూసి, వేలిని దూరాన ఆగిన బస్సు ముందు కొసకి సరిపెట్టి, కన్ను మార్చాలి. వేలు బస్సు వెనక కొసకి గెంతితే, ఆ గెంతు సుమారు 10 మీటర్లు. దాన్ని పదితో హెచ్చిస్తే బస్సు 100 మీటర్ల దూరం. చెయ్యి పొడవు కళ్ల ఎడానికి దాదాపు పది రెట్లు, అందుకే పది. పిల్లలు మోచెయ్యి వంచేస్తారు, కన్నుతో పాటు తలా తిప్పేస్తారు. ఒక కంటికి గుడ్డ కడితే సగం గొడవ తీరుతుంది.

చందమామకి మాత్రం ఇప్పుడు లేజరే. 1969లో అపోలో 11 వాళ్లు పెట్టిన అద్దాల పలకకి తగిలి వెలుగు రెండున్నర సెకన్లలో తిరిగొస్తుంది, నూతిలో కేకేస్తే వచ్చినట్టు. అందులో సగాన్ని, వెలుగు సెకనుకి వెళ్లే 3 లక్షల కిలోమీటర్లతో హెచ్చించాలి. ఆ ‘సగం’ పిల్లలు ఎప్పుడూ మర్చిపోతారు.

పర్లాకిమిడి ట్యూషన్ మేష్టారు:
బాగుందండీ. మరి రాత్రి మేడ మీద నిజం చుక్కతోనే చేయించొచ్చా?

రాయగడ లెక్కలాయన:
కుదరదండీ. 1838లో జర్మన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు బెసెల్ కొలిచిన హంస రాశి 61వ చుక్క మనకి 11 కాంతి సంవత్సరాలే (వెలుగు ఏడాదిలో వెళ్లేది ఒక కాంతి సంవత్సరం), అయినా జనవరి నుంచి జూలైకి అది పక్కకి జరిగినట్టు కనిపించే కోణం, డిగ్రీని 3,600 ముక్కలు చేస్తే ఒక ముక్కలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. లేజరూ పనికిరాదు. సూర్యుణ్ణి వదిలేస్తే అన్నిటికన్నా దగ్గరి చుక్క ప్రాక్సిమాకే వెలుగు వెళ్లి రావడానికి ఎనిమిదిన్నరేళ్లు, పైగా తిరిగొచ్చేది ఏమీ ఉండదు. మేడ మీద కోణమానితో చందమామ ఎంత ఎత్తున ఉందో గంటగంటకీ రాయించండి. ఒడిశా ఖగోళ శాస్త్రజ్ఞుడు పఠాణి సామంత ఖండపడాలో వెదురు, కర్రలతో చేసుకున్న పరికరాలతో కొలిచింది ఇలాంటి కోణాలే. ఒడియా బళ్లో చదివే పిల్లలకి ఆ పేరు ఎలాగూ తెలుసు.