బయటి ఊరి స్టేడియంలో స్టీవార్డులు (ఫ్యాన్స్‌ని చూసుకునే సిబ్బంది) మనతో ఎలా ఉంటున్నారు? అనుభవాలు రాయండి

పటమట_లెఫ్ట్‌బ్యాక్
అందరికీ నమస్తే. వచ్చే నెల మా కాలనీ కుర్రాళ్లం బెంగళూరు కంఠీరవ స్టేడియానికి ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి వెళ్తున్నాం. కూర్చునేది బయటి జట్టు బ్లాకులో. హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్బుని ఢిల్లీకి పట్టుకుపోయాక మాలో సగం మంది కేరళ బ్లాస్టర్స్ జెండా పట్టారు, ఆ బాధ ఇంకోసారి రాస్తాను. ఇప్పుడు తెలుసుకోవాల్సినవి మూడు. గేటు దగ్గర బయటి ఫ్యాన్స్‌ని ఎంతసేపు ఆపుతున్నారు? మ్యాచ్ అయ్యాక లోపలే నిలబెడుతున్నారా? రాత్రి బస్సు పట్టుకోవాలి మాకు. ఏదైనా జరిగితే ఎవరికి చెప్పుకోవాలి? పోయినసారి పక్క రాష్ట్రంలో ఒక మైదానంలో, పేరు వద్దులెండి, మా డప్పు గేటు దగ్గరే లాక్కున్నారు. హోమ్ ఫ్యాన్స్ డ్రమ్ములు మాత్రం మా కళ్లముందే లోపలికి వెళ్లాయి. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

గుంటూరు_గ్లవ్స్
డప్పు సంగతి తర్వాత తమ్ముడూ, ముందు జేబులు చూసుకో. నేను వెళ్లిన చోట బయటి ఫ్యాన్స్ అందరికీ కలిపి ఒకటే గేటు, ఒకటే వరస. బెల్టు తీయమన్నారు, తీశాం. పవర్ బ్యాంకు, ఇయర్‌ఫోన్లు, చిల్లర, చివరికి తాళాలు కూడా వదిలి వెళ్లాలన్నారు. నేల మీద ఒక పాత ఫ్లెక్సీ పరిచారు, అన్నీ దాని మీద పడేయాలి. టోకెన్ లేదు, చీటీ లేదు. మ్యాచ్ అయ్యాక వచ్చేసరికి అక్కడ లైట్లు ఆపేశారు, కాపలా ఉన్న మనిషి వెళ్లిపోయాడు. అందరూ ఫోన్ టార్చ్ వేసుకుని ఆ కుప్పలో ఎవరి సామాను వాళ్లు కెలుక్కుంటున్నారు. ఇంటి తాళం దొరికింది, పవర్ బ్యాంకు పోయింది. వస్తువు తీసుకోవడం తెలిసినవాళ్లకి తిరిగి ఇవ్వడం కూడా తెలియాలి కదా.

తెనాలి_నంబర్7
ఆడవాళ్ల సంగతి ఎవరైనా ఎత్తుతారేమో అని చూస్తున్నాను. నేను వెళ్లినచోట బయటి బ్లాకు గేటుకి ఒకే ఒక్క లేడీ గార్డు. ఆవిడ కాసేపు మా దగ్గర, కాసేపు వీఐపీ గేటు దగ్గర. మాతో వచ్చిన మగవాళ్లు వెళ్లి సీట్లలో కూర్చున్నారు, మేం ఆవిడ తిరిగొచ్చేదాకా బయటే నిలబడ్డాం. మొదటి గోల్ అరుపులు గోడ ఇవతల నుంచి విన్నాం. లోపలికి వెళ్తే ఆడవాళ్ల బాత్రూమ్‌కి తాళం వేసి ఉంది. తాళం ఎవరి దగ్గరుందంటే ఒకడు ఇంకొకడిని చూపించాడు. కంఠీరవలో ఎలా ఉందో వెళ్లినవాళ్లు చెప్పండి. నేనూ రావాలనుకుంటున్నాను.

ఏలూరురోడ్_ఎక్స్‌ట్రాటైమ్
లెఫ్ట్‌బ్యాక్, ఒక్క విషయం సూటిగా చెప్పు. ఆ డప్పు ఎక్కడ కాచారు?

పటమట_లెఫ్ట్‌బ్యాక్
స్టేడియం ఎదురు టీ కొట్టు పక్కన. చలికి తోలు మెత్తబడింది, కాచకపోతే మోగదు. నాలుగు న్యూస్‌పేపర్లు వెలిగించి కాచాం, ఆర్పేసి నీళ్లు కూడా పోశాం. గేటు అక్కడికి చాలా దూరం.

ఏలూరురోడ్_ఎక్స్‌ట్రాటైమ్
ఇంకేం మరి! వేల మంది నడిచే దారిలో మంట పెడితే ఏ సెక్యూరిటీ ఊరుకుంటాడు? నువ్వు డప్పు కాస్తున్నావని ఆ ఊరివాడికి ఎలా తెలుస్తుంది? పొగ కనిపిస్తే ఫ్లేర్లు (మంట, పొగ వచ్చే గొట్టాలు) తెచ్చారనే అనుకుంటాడు. ఇందులో స్టీవార్డుని తప్పుపట్టడానికి ఏం లేదు.

కొత్తపేట_కార్నర్‌కిక్
మా ఇంట్లో మూడు తరాలుగా డప్పు వాయిస్తున్నాం, అందుకే ఈ మాట పడలేకపోతున్నాను. ఆ రోజు డప్పు మెడలో వేసుకుని ఉన్నది నేనే. మంట గురించి గేటు దగ్గర ఒక్కరు కూడా అడగలేదు. గార్డు నా చేతిలోంచి డప్పు కొట్టే సిర్ర, చిటికెన పుల్ల లాక్కుని ‘కర్రలు లోపలికి కుదరవు’ అన్నాడు. చిటికెన పుల్ల ఎంత సన్నగా ఉంటుందో తెలుసా? చీపురు పుల్ల కంటే కాస్త లావు. దానితో ఎవరి తల పగులుతుంది? అదే గేటులో హోమ్ కుర్రాడు బొటనవేలంత లావు డ్రమ్ పుల్లలు పట్టుకుని నవ్వుకుంటూ వెళ్లాడు.

ఏలూరురోడ్_ఎక్స్‌ట్రాటైమ్
హోమ్ వాళ్లు ముందుగా పర్మిషన్ తీసుకుని ఉంటారు. మీరు తీసుకున్నారా? పైగా ఇప్పుడు ఫైబర్ డప్పులు వచ్చాయి, బోల్టులు బిగిస్తే చాలు, కాచే పనే లేదు. అది తీసుకెళ్తే సరిపోయేది.

కొత్తపేట_కార్నర్‌కిక్
పర్మిషన్ కోసం మ్యాచ్‌కి వారం ముందే మెయిల్ పెట్టాం, జవాబు లేదు. గేటు దగ్గర ఆ మెయిల్ చూపిస్తే ఫోన్ వంక కూడా చూడలేదు. ఫైబర్ డప్పు సంగతి నాకు చెప్పకండి. తోలు డప్పు దెబ్బ గ్యాలరీ ఆ చివరికి వినపడుతుంది, ఫైబర్‌ది పక్క సీటుతో ఆగిపోతుంది. వాయించేవాడిని అడిగి మాట్లాడండి.

గుంటూరు_గ్లవ్స్
ఫైబర్‌ది కూడా బాగానే వినపడుతుంది. మొన్న వినాయక నిమజ్జనంలో విన్నాను.

కొత్తపేట_కార్నర్‌కిక్
అక్కడ మైకు పెట్టి ఉంటారు అన్నా.

బ్రాడీపేట_టు_బర్మింగ్‌హామ్
గొడవ కాసేపు ఆపండి. నేను ఇక్కడ ఇంగ్లండ్‌లో చదువుకుంటూ మ్యాచ్ రోజుల్లో స్టీవార్డుగా పని చేస్తున్నాను. స్టూడెంట్ వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే చేయాలి కాబట్టి మనవాళ్లు చాలామంది ఈ పనిలోనే ఉన్నారు. కాబట్టి రెండో వైపు నుంచి చెబుతాను. గేట్లు తెరవక ముందే మమ్మల్ని కూర్చోబెట్టి బ్రీఫింగ్ ఇస్తారు. ఈ రోజు వచ్చే ఫ్యాన్స్ ఎవరు, ఎన్ని బస్సులు, చిన్నపిల్లలు ఎంతమంది, వీల్‌చైర్లు ఎన్ని, అన్నీ చెబుతారు. లోపల మా వీపు గ్రౌండ్ వైపు, మొహం జనం వైపు. వెనకాల గోల్ పడినా తిరిగి చూడకూడదు. చాలా క్లబ్బులు బయటికి వెళ్లేటప్పుడు తమ సొంత స్టీవార్డులని కూడా వెంట పంపుతాయి. వాళ్లకి తమ ఫ్యాన్స్ మొహాలు తెలుసు, ఎవరు ఊరికే అరుస్తారో ఎవరు నిజంగా గొడవ పెడతారో తెలుసు. సగం గొడవలు అక్కడే చల్లారిపోతాయి. మన దగ్గర ఏజెన్సీ వాళ్లు నిన్న పెళ్లి మండపం దగ్గర నిలబడ్డ బౌన్సర్‌ని ఇవాళ స్టేడియానికి పంపుతారు. వాడికి ఎవరూ ఏమీ చెప్పరు, అందుకే అందరినీ ఒకేలా తోస్తాడు.

బెంజ్‌సర్కిల్_బ్లూ
లండన్‌లో మా బావమరిదిని హోమ్ స్టాండ్ నుంచి బయటికి పంపేశారు. చేసిన పని బయటి జట్టు గోల్‌కి లేచి చప్పట్లు కొట్టడం, అంతే. డబ్బు పెట్టి కొన్న టికెట్. మరి మీ బ్రీఫింగ్‌లో దీనికి ఏం చెబుతారు?

బ్రాడీపేట_టు_బర్మింగ్‌హామ్
అది టికెట్ నిబంధనల్లోనే ఉంటుంది అన్నా. హోమ్ స్టాండ్‌లో బయటి జట్టు రంగులు వేసుకున్నా, గోల్‌కి ఎగిరినా బయటికి పంపొచ్చు. చుట్టూ ఉన్నవాళ్లు మీద పడకముందే తీసుకెళ్తాం. బయటి ఫ్యాన్స్‌కి వేరే బ్లాకు ఉంటుంది. ప్రీమియర్ లీగ్‌లో 3,000 సీట్లు లేదా స్టేడియంలో 10 శాతం, ఏది తక్కువైతే అది ఇవ్వాలి. టికెట్ కూడా 30 పౌండ్లు దాటకూడదని 2016-17 సీజన్ నుంచి నియమం ఉంది.

బెంజ్‌సర్కిల్_బ్లూ
ఆ బ్లాకు టికెట్లు ఏళ్ల తరబడి మెంబర్లుగా ఉన్నవాళ్లకే దొరుకుతాయి. విజయవాడ నుంచి వెళ్లినవాడు ఎక్కడ తెచ్చుకుంటాడు? మర్యాదగా సీటు మార్చొచ్చు కదా, మెడ పట్టి మెట్లు దింపడం దేనికి?

బందరురోడ్_పాత_రెఫరీ
పిల్లలూ, ఈ విషయంలో మీ అందరికంటే నాకు ఎక్కువ తెలుసు. జిల్లా, రాష్ట్ర టోర్నమెంట్లలో ఈల ఊదినవాడిని. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచిన జట్టులో ఆడినవాళ్లతో కూర్చుని మాట్లాడినవాడిని. ఫ్యాన్స్‌ని విడదీయడం ఎందుకో తెలియాలంటే 1980 ఆగస్టు 16 గురించి చదవండి. కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్. రెండు జట్ల వాళ్లూ ఒకే స్టాండ్‌లో. గొడవ లేచి, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. కాబట్టి కాస్త కఠినంగా ఉంటే తప్పులేదు, స్టీవార్డు మాట వినాల్సిందే.

మొగల్రాజపురం_కాప్
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, కఠినంగా ఉంటే జనం బతుకుతారన్నది తప్పు. 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో కంచెలకి ఆనించి నలిగిపోయి 97 మంది లివర్‌పూల్ అభిమానులు చనిపోయారు. ఆ కంచెలు పెట్టింది ఫ్యాన్స్‌ని కట్టడి చేయడానికే. పైగా తాగి వచ్చారని, టికెట్ లేకుండా వచ్చారని చచ్చిపోయినవాళ్ల మీదే నింద వేశారు. ఫ్యాన్స్ తప్పేం లేదని జ్యూరీ తేల్చడానికి 2016 దాకా పట్టింది. మళ్లీ 2022 మే 28న పారిస్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. టికెట్ ఉన్న లివర్‌పూల్ ఫ్యాన్స్‌ని మూసిన గేట్ల ముందు గంటల తరబడి నిలబెట్టి టియర్ గ్యాస్ కొట్టారు. లోపల స్క్రీన్ మీద మాత్రం ఫ్యాన్స్ ఆలస్యంగా రావడం వల్ల మ్యాచ్ ఆలస్యం అని వేశారు. ప్రధాన బాధ్యత యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏదేనని మరుసటి ఏడాది వాళ్లు వేసిన కమిటీయే రాసింది. ఆ రాత్రి నేను టీవీ ముందు ఏడ్చాను. నాకు ఇది చర్చ కాదు.

బందరురోడ్_పాత_రెఫరీ
టియర్ గ్యాస్ నేనూ ఒప్పుకోను. ఫిఫా నిబంధనల్లోనే స్టేడియంలో వాడకూడదని ఉంది. ఇండోనేసియాలో కంజురుహాన్ స్టేడియం, 2022 అక్టోబర్ 1, 135 మంది పోయారు. బయటి జట్టు ఫ్యాన్స్‌ని ఆ మ్యాచ్‌కి అసలు రానివ్వనే లేదు.

మొగల్రాజపురం_కాప్
నేను చెప్పేదీ అదే మాస్టారూ. ఎదుటి జట్టువాళ్లు లేకపోయినా చచ్చిపోయారు. గ్యాస్ కొట్టడం వల్ల, బయటికి దారి సరిగా లేకపోవడం వల్ల పోయారు.

ఏలూరురోడ్_ఎక్స్‌ట్రాటైమ్
దేశాలన్నీ తిరిగొచ్చారు, మంచిదే. మన చిన్నస్వామి సంగతి ఎవరూ ఎత్తరేం? 2025 జూన్ 4న తొక్కిసలాటలో 11 మంది పోయారు. అది క్రికెట్, అందరూ ఒకే జట్టు వాళ్లు.

అనంత_టు_అమరావతి
మాది అనంతపురం, ఇప్పుడు గుంటూరులో ఉంటున్నాం. పిల్లల టోర్నమెంట్ ఒకటి ఈ పక్కనే జరిగింది, ఎక్కడో చెప్పను. మా ఊరి అకాడమీ పిల్లలతో తల్లిదండ్రులు కూడా బస్సులో వచ్చారు. నిర్వాహకుల వాలంటీర్లు, మెడలో ఐడీ కార్డులు వేసుకున్న కాలేజీ కుర్రాళ్లు, మా వాళ్లని ఎండవైపు మెట్ల మీద కూర్చోమన్నారు. షామియానా కింద కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నీళ్ల క్యాన్లు షామియానా వెనకాల. వెళ్లి పట్టుకోబోతే ‘ఇవి లోకల్ టీమ్‌వి’ అన్నారు. ఏప్రిల్ ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. మా పెద్దమ్మ కళ్లు తిరిగి కూర్చుండిపోతే అప్పుడు తెచ్చి ఇచ్చారు. పక్క రాష్ట్రాల గార్డులని తిడుతున్నారు కాబట్టి ఇదీ చదవండి.

పటమట_లెఫ్ట్‌బ్యాక్
ఇది చాలా అన్యాయం అండి. అది ఏ టోర్నమెంటో నాకు విడిగా మెసేజ్ పెట్టండి, ఆ నిర్వాహకులలో మాకు తెలిసినవాళ్లుంటే గట్టిగా అడుగుతాం.

కొత్తపేట_కార్నర్‌కిక్
నేనూ వస్తాను. నీళ్ల దగ్గర లోకల్, నాన్‌లోకల్ ఏంటి?

బందరురోడ్_పాత_రెఫరీ
అది వాలంటీర్లకి చెప్పేవాడు లేకపోవడం వల్ల. నా రోజుల్లో బయటి జిల్లా జట్టు వస్తే ముందు వాళ్లకి భోజనం పెట్టాకే మనం తినేవాళ్లం. స్టేషన్‌కి వెళ్లి దింపుకుని వచ్చేవాళ్లం.

తెనాలి_నంబర్7
ఇంత మాట్లాడారు, నా ప్రశ్నకి ఒక్కరూ జవాబు చెప్పలేదు. లెఫ్ట్‌బ్యాక్ అడిగిన మూడింటిలో రెండు కూడా అలాగే ఉన్నాయి. డప్పు మీద ఉన్న శ్రద్ధ బాత్రూమ్ తాళం మీద లేదా?

బ్రాడీపేట_టు_బర్మింగ్‌హామ్
మీరన్నది నిజమే అక్కా. కంప్లయింట్ సంగతి చెబుతాను. ఇక్కడ ప్రతి స్టీవార్డు జాకెట్ మీద నంబర్ ఉంటుంది. ఆ నంబర్, టైమ్, బ్లాకు, గేటు రాసుకుని రెండు క్లబ్బులకీ మెయిల్ పెట్టాలి, ముఖ్యంగా మన క్లబ్బుకి. యూరప్‌లో ఫ్యాన్స్ కోసం ప్రత్యేకంగా ఒక అధికారిని పెట్టుకోవాలని యూఈఎఫ్ఏ లైసెన్స్ నిబంధనల్లోనే ఉంది, ఆయనకి చెబితే కదలిక ఉంటుంది. మన దగ్గర జాకెట్ మీద నంబర్ లేకపోతే ఏజెన్సీ పేరు, గేటు నంబర్ ఫొటో తీసుకోండి. గొడవ జరుగుతున్నప్పుడు మొహం మీద కెమెరా పెట్టకండి, మనిషి ఇంకా రెచ్చిపోతాడు. తర్వాత తీసుకోండి.

నల్లపాడు_నైట్‌బస్
నేను బెంగళూరులోనే ఉద్యోగం, కంఠీరవకి వెళ్తూనే ఉంటాను. రాత్రి 7:30 మ్యాచ్ అయితే 9:30కి అయిపోతుంది. బయటి బ్లాకుని ముందు వదులుతారా, చివర వదులుతారా అన్నది ఆ రోజు జనాన్ని బట్టి ఉంటుంది, కేరళ మ్యాచ్ అంటే ఆలస్యం అవుతుందనే లెక్క వేసుకోండి. పదిన్నర లోపు బస్సు బుక్ చేయకండి. కబ్బన్ పార్క్ మెట్రో నడిచే దూరమే, అక్కడి నుంచి మెజెస్టిక్‌కి ఒకే రైలు, మారక్కర్లేదు. పవర్ బ్యాంకులు, బ్యాగులు రూమ్‌లోనే వదిలి రండి. అక్కా, ఆడవాళ్ల గేటు సంగతి నేను కళ్లతో చూడలేదు. మా ఆఫీసులో మ్యాచ్‌లకి వెళ్లే అమ్మాయి ఉంది, రేపు అడిగి రాస్తాను.

తెనాలి_నంబర్7
థాంక్స్ తమ్ముడూ. అడిగేటప్పుడు మూడూ అడుగు. బయటి బ్లాకు గేటులో లేడీ గార్డులు ఎంతమంది, ఆడవాళ్లకి వేరే వరస ఉందా, ఆ బ్లాకులోనే బాత్రూమ్ ఉందా లేక చుట్టూ తిరిగి వెళ్లాలా. మా కాలేజీ ఫ్రెండ్స్ ఇద్దరు కూడా వస్తామంటున్నారు, నీ జవాబు చూశాకే టికెట్లు తీసుకుంటాం.