నర్సెస్ డే ప్రోగ్రాం: 42 దీపాలకి వాలంటీర్లు కావాలి

అందరికీ నమస్కారం. మే 12 నర్సెస్ డే దాటాక వచ్చే శనివారానికి మాంచెస్టర్‌లో హాల్ ఖాయమైంది. పాటలు, డాన్సులు, భోజనాలు ఎప్పట్లాగే. ఈసారి ఒక్క పావుగంట నాకివ్వండి, కుందూజ్ ఆస్పత్రి కోసం.

తెలియనివాళ్ళకి చెప్తా. అఫ్గానిస్థాన్‌లో కుందూజ్ ఊళ్ళో యుద్ధాలు జరిగే చోట వైద్యం చేసే డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ వాళ్ళు నడిపిన ట్రామా ఆస్పత్రి అది, అంటే పెద్ద గాయాలైనవాళ్ళకి. 2015 అక్టోబర్ 3న రాత్రి రెండు దాటాక అమెరికా ఏసీ-130 యుద్ధ విమానం వచ్చి, ఆస్పత్రి వాళ్ళ లెక్కన దాదాపు గంటసేపు కొట్టింది. 42 మంది పోయారు, 24 మంది పేషెంట్లు, 14 మంది స్టాఫ్, నలుగురు పేషెంట్లకి తోడుగా వచ్చినవాళ్ళు. ఐసీయూలో లేవలేనివాళ్ళు మంచాల మీదే కాలిపోయారు. ఆస్పత్రి ఎక్కడుందో జీపీఎస్ వివరాలు నాలుగు రోజుల ముందే అమెరికా సైన్యానికి మళ్ళీ పంపారు, పైనుంచి కొడుతుంటే కూడా ఆపండి ఆపండి అని ఫోన్ల మీద ఫోన్లు చేశారు. స్టేజి మీద 42 దీపాలు పెట్టి మన నర్సుల చేత వెలిగిద్దామని నా ఆలోచన.

ఫుడ్ టీమ్ అక్క: తమ్ముడూ, మంచి మాటే గానీ పిల్లలుంటారు, సరదాగా వచ్చేవాళ్ళకి మరీ బరువైపోతుందేమో చూడు.

అక్కా, నేనూ అదే ఆలోచించా. కానీ మా ఆవిడ నైట్ డ్యూటీలో పెరుగన్నం బాక్స్ తెరిచేది సరిగ్గా ఆ రెండు గంటలకే, తిన్నావా అని మెసేజ్ పెడితే ఇప్పుడే వార్డులోంచి వచ్చా అంటుంది. అక్కడా అలాగే డ్యూటీలో ఉన్నవాళ్ళే కదా పోయింది, డాక్టర్లు, నర్సులతో పాటు ఫార్మసీ ఆయన, క్లీనింగ్ చేసేవాళ్ళు కూడా. నర్సుల పేరు మీద చేసే రోజున వాళ్ళని తలుచుకోకపోతే ఇంకెప్పుడు తలుచుకుంటాం.

స్టేజ్ టీమ్: అన్నా, హాల్లో నిప్పు వెలిగించనివ్వరు. దీపావళికి కొన్న బ్యాటరీ ప్రమిదలు మా గ్యారేజ్‌లో ఉన్నాయి, అవి తెస్తా. ఒక డౌట్, అక్కడ తాలిబాన్లకి కూడా వైద్యం చేశారంట కదా, ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?

డాక్టర్ గారు: చేశారు బాబూ, అటు సర్కారు సైనికులకీ చేశారు, గేటు లోపలికి తుపాకీ మాత్రం రానివ్వలేదు. గాయపడి ఆయుధం వదిలేసినవాడు పేషెంటే, యుద్ధంలో పాటించాల్సిన 1949 జెనీవా ఒప్పందాలు చెప్పేది అదే. ఆస్పత్రిని అడ్డం పెట్టుకుని దాడులు చేస్తేనే ఆ రక్షణ పోతుంది, అప్పుడు కూడా ముందు హెచ్చరించి టైమ్ ఇవ్వాలి. కుందూజ్‌లో ఏ హెచ్చరికా లేదు. సుమారు 400 మీటర్ల దూరంలో ఉన్న వేరే బిల్డింగ్ అనుకుని కొట్టామన్నారు అమెరికా సైన్యం వాళ్ళు, 16 మంది మీద శాఖాపరమైన చర్యలు తీసుకున్నారు, క్రిమినల్ కేసు ఒక్కటీ పెట్టలేదు. 2016 మే 3న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఆస్పత్రుల మీద, వైద్య సిబ్బంది మీద దాడుల్ని ఖండిస్తూ 2286 తీర్మానం ఏకగ్రీవంగా పాస్ చేసింది. ఆ తర్వాత కూడా 2022 మార్చిలో ఉక్రెయిన్‌లో మరియుపోల్ ప్రసూతి ఆస్పత్రి మీద బాంబు పడింది, 2024 జులైలో కీవ్ పిల్లల ఆస్పత్రి మీద మిసైల్ పడింది. అందుకే పావుగంట సరిపోదు, ఇరవై నిమిషాలు తీసుకోండి.

సరే డాక్టర్ గారూ, ఆ ఐదు నిమిషాలు మీరే మాట్లాడండి, తెలుగులోనే. అక్కా, దీపాల ఐటం భోజనాలకి ముందు పెడదాం, తిన్నాక ఎవరూ కూర్చోరు. ఇంకా కావాల్సింది ప్రమిదల్లో బ్యాటరీలు మార్చడానికి ఇద్దరు, బోల్టన్ వైపు నుంచి కార్లో ఎక్కించుకొచ్చేవాళ్ళు ఒకరు. శుక్రవారం నైట్ చేసి నిద్ర లేకుండా వచ్చే నర్సులుంటారు, ముందు వరుస వాళ్ళకి ఉంచండి.