"ఆలస్యముగా వచ్చినను... జాగుచేయక వచ్చును": హబక్కూకు 2:3లో ఈ రెండూ ఎలా పొసగుతాయి?

పదసంచి:
పాత తెలుగు బైబిలులో హబక్కూకు ప్రవక్తకు కలిగిన దర్శనం గురించి చెప్పే 2:3 ఇలా ముగుస్తుంది: "అది ఆలస్యముగా వచ్చినను దానికొరకు కనిపెట్టుము, అది తప్పక జరుగును, జాగుచేయక వచ్చును." ఆలస్యంగా వస్తుందంటూనే జాగు చేయదనడం ఏమిటి? రెండు మాటలకూ ఒకటే అర్థం కదా. ఇంకో సందేహం. "కనిపెట్టుము" అన్నది ఈ తరం పాఠకులకు "కనుక్కో" అన్నట్టు వినిపిస్తోంది. దీన్ని ఎలా వివరించాలి?

తాటాకు:
రెండోది తేలిక, ముందు అది చెప్తాను. విభక్తి చూడండి. "దాన్ని కనిపెట్టు" అంటే కనుక్కోవడం, పసిగట్టడం. "దానికొరకు కనిపెట్టు" అంటే కాచుకుని ఉండటం. పాత వాడుక పూర్తిగా పోలేదు కూడా. "ఇల్లు కనిపెట్టుకుని ఉండు", "పిల్లాణ్ణి కనిపెట్టుకుని ఉండు" అని ఇప్పటికీ అంటున్నాం. చూపు పక్కకు పోనివ్వకుండా ఉండమని దాని భావం. ఎదురుచూసేవాడు నిద్రపోయినా ఫరవాలేదు, కనిపెట్టుకుని ఉన్నవాడు నిద్రపోతే పని చెడుతుంది.

2:1 కూడా కలిపి చదవండి. ప్రవక్త "కావలి స్థలముమీదను గోపురము మీదను కనిపెట్టుకొని" ఉంటానంటాడు. హీబ్రూలో ఈ రెండు చోట్లా వేర్వేరు క్రియలున్నాయి, తెలుగులో మాత్రం ఒకటే. దానివల్ల మూలంలో లేని ఒక ముడి తెలుగులో పడింది. నా మటుకు అది నష్టం కాదు, లాభమే. కావలివాడు తెల్లవారుజామును తొందరపెట్టలేడు, అయినా కావలి వదలడు. కీర్తన 130:6లో ఉన్నదీ కావలివారే, క్రియా ఇదే.

అలెఫ్:
మొదటి ప్రశ్నకు వస్తాను. మూలంలోనూ రెండు క్రియలే. "ఆలస్యముగా వచ్చినను" దగ్గర ఉన్నది "యిత్‌మహ్‌మాహ్". తటపటాయించడం, అడుగు కదలక తచ్చాడటం అన్నమాట. సొదొమ పట్టణం విడిచి పొమ్మన్నప్పుడు లోతు అనే అతను చేసింది అదే (ఆదికాండము 19:16, తెలుగులో "తడవు చేసెను"). "జాగుచేయక" దగ్గర ఉన్నది "యెఅహేర్". "తరువాత" అన్న అర్థమున్న ధాతువు అది. గడువు దాటిపోవడం, వెనకబడటం అని.

మొదటిది చూసేవాడి కంటికి ఎలా ఉందో చెప్తుంది. రెండోది గడువుతో పోల్చి చెప్తుంది. ఆ గడువు ఏదో అదే వచనం మొదట్లో ఉంది: "నిర్ణయకాలమున జరుగును." కాబట్టి పొసగకపోవడమేమీ లేదు. నీ లెక్కన అది తచ్చాడుతున్నట్టుంటుంది, దాని గడువును మాత్రం అది దాటదు. మధ్యలో "ఆతురపడుచున్నది" అన్న మాటకు కర్త ఎవరో కూడా చూడండి. ఆతురపడేది మనిషి కాదు, దర్శనమే. చాలామంది ఇక్కడ జారిపోతారు.

సందేహి:
వివరణ బాగుంది. కానీ తెలుగు అనువాదకులు ఈ తేడాను పనిగట్టుకుని పాటించారని మాత్రం అనకండి. కీర్తన 40:17లో "నా దేవా, ఆలస్యము చేయకుము" అన్నచోట మూలంలో ఉన్నది మీ రెండో ధాతువే. అక్కడ "జాగు" ఏదీ?

అలెఫ్:
నిజమే, పద్ధతి ప్రకారం పాటించలేదు. ఈ ఒక్క వచనంలో రెండు మాటలు వేరుగా ఉంచారు, అంతవరకే.

తాటాకు:
సందేహి గారు తెచ్చిన కీర్తనను వదలొద్దు. మొదటి వచనం "సహనముతో కనిపెట్టుకొంటిని", చివరి వచనం "ఆలస్యము చేయకుము". ఓపిక పట్టినవాడే త్వరగా రమ్మని అడుగుతున్నాడు. మొర పెట్టడం అపనమ్మకం అన్న పాఠం ఎక్కడా లేదు. హబక్కూకు కూడా 1:2లో "ఎన్నాళ్లు" అనే మొదలుపెడతాడు.

పదసంచి:
మరి పెళ్లి, ఉద్యోగం, సంతానం ఆలస్యమైనవారికి ఈ వచనం రాసి పంపుతుంటారు. అది సరేనా?

సందేహి:
అక్కడే తప్పు జరుగుతుంది. "అది" అంటే మన కోరిక కాదు, "ఆ దర్శనవిషయము". కల్దీయుల (అంటే బబులోనువారి) అన్యాయానికి తీర్పు వస్తుందన్న మాట. బబులోను పారసీకుల వశమైంది క్రీ.పూ. 539లో. ప్రవక్త మాట్లాడింది ఏడో శతాబ్దం చివర్లో అని ఎక్కువమంది పండితుల లెక్క. అంటే అరవై ఏళ్ల పైమాటే. విన్నవాళ్లలో చాలామంది దాన్ని చూసి ఉండరు. "నీ పని త్వరలో అవుతుంది" అన్న హామీగా దీన్ని పంపితే వచనంలో లేనిది చేర్చినట్టే. దేవుడు మాట తప్పడన్న నమ్మికకు ఆధారంగా పంపండి, అది నిలుస్తుంది. ఆలస్యానికి కారణం మాత్రం ఈ వచనం చెప్పదు. మనం కల్పించి చెప్పకూడదు.

అలెఫ్:
కారణం తెలియకపోయినా ఎలా ఉండాలో తరువాతి వచనంలోనే ఉంది. "నీతిమంతుడు విశ్వాసమూలముగా బ్రదుకును." అక్కడ "విశ్వాసము"కు మూలంలో ఉన్న "ఎమునా" అన్న మాటే నిర్గమకాండము 17:12లో మోషే ఎత్తి ఉంచిన చేతుల గురించి వస్తుంది. అక్కడ తెలుగులో "నిలుకడ" అన్నారు. సూర్యాస్తమయం దాకా ఆ చేతులు దించకుండా ఇద్దరు చెరోపక్క పట్టుకున్నారు. ఈ నిలుకడకు పక్కవాళ్ల ఆసరా కూడా కావాలి.

పదసంచి:
అయితే వాడుక భాషలో ఇలా రాయవచ్చా? "అది ఆలస్యమవుతున్నట్టు కనిపించినా దానికోసం కాచుకుని ఉండు. తప్పకుండా వస్తుంది, గడువు దాటదు."

తాటాకు:
"కాచుకుని" బాగుంది. "కనిపించినా" దగ్గర కొంచెం ఆలోచించండి. మూలంలో "కనిపించడం" లేదు, అది మన వివరణ. "తడవు చేసినా" అంటే సరిపోతుంది.

సందేహి:
"గడువు దాటదు" ఉంచేయండి. పైకి చదివేటప్పుడు "ఉండు" దగ్గర బాగా ఆగాలి. ఆపకుండా చదివితే మీ మొదటి ప్రశ్న మళ్లీ ఎవరో ఒకరు అడుగుతారు.