ఎంఎస్ వంశం వల్లా, వైరస్ వల్లా?

మారతహళ్ళి అక్క:
మా పెద్ద చెల్లికి నిరుడు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అని తేలింది, అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాముల్లోని నరాల పొరని దెబ్బతీసే జబ్బు. మొదట కుడి కన్ను మసకబారింది, కొన్నాళ్లకి చేతిలో కాఫీ గ్లాసు జారి కాళ్ల మీద పడేదాకా జారిందనే దానికి తెలియలేదు. చుట్టాలు "మీ వంశంలోనే ఉంది" అంటున్నారు. 2022లో హార్వర్డ్ వాళ్ల పరిశోధన చదివాక ఇది ఎప్‌స్టీన్-బార్ వైరస్ పనేనని నా నమ్మకం. మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
పెద్దవాళ్లలో నూటికి 95 మంది ఒంట్లో ఆ వైరస్ ఉందమ్మా. సిల్క్ బోర్డు దగ్గర ఆగిన బస్సులో దాదాపు అందరికీ ఉంటుంది, మరి అందరికీ ఎంఎస్ రాలేదే? హెచ్ఎల్ఏ-డీఆర్‌బీ1*15:01 అనే జన్యురూపం ఉంటే రిస్కు సుమారు మూడు రెట్లు. అసలు సంగతి జన్యువుల్లోనే ఉంది.

మారతహళ్ళి అక్క:
వైరస్ సోకాక 32 రెట్లు, అది చెప్పరేం? అమెరికా సైన్యంలో ఎంఎస్ వచ్చిన 801 మంది పాత రక్తం చూస్తే మొదట్లో 35 మందికి వైరస్ లేదు, వాళ్లలో 34 మందికి జబ్బుకి ముందే సోకింది.

కోరమంగళ కుర్రాడు:
డాక్టర్ని అడగండి అక్కా, ఇక్కడ కాదు.

లెక్కల మాస్టారు:
మళ్లీ చెబుతున్నా, 95 మంది. దానికి జవాబివ్వండి.

మారతహళ్ళి అక్క:
అచ్చు కవలల్లో ఒకరికొస్తే రెండోవాళ్లకి వచ్చేది నూటికి పాతికమందికే. జన్యువులన్నీ ఒకటే కదా, మిగతా 75 మంది సంగతేంటి? రక్తం రక్తం అని మా అమ్మని ఏడిపించేవాళ్లలో మీరూ ఒకరు!

లెక్కల మాస్టారు:
నేనెవర్నీ ఏడిపించలేదు. మా ఆవిడకి కాళ్లు తిమ్మిరెక్కితే అత్తగారు "నీరసం" అన్నారు. అత్తగారి సొంత తమ్ముడికి ఇదే జబ్బని ఏడేళ్లకి బయటపడింది. ముందే చెప్పుంటే మొదటి ఏడాదే ఎంఆర్ఐ తీయించేవాణ్ణి. వైరస్ అని దాచేస్తే నష్టపోయేది మాలాంటివాళ్లు.

మారతహళ్ళి అక్క:
మేం దాచలేదు మాస్టారూ. చిన్న చెల్లి తాంబూలాలకి వారం ముందు మేమే అబ్బాయి వాళ్లకి చెప్పాం. మర్నాటి నుంచి ఫోన్ ఎత్తలేదు. వైరస్ అంటే ఎవరూ వంశం అడగరు, అందుకే పట్టుకున్నా.

న్యూరో వార్డు నర్స్:
ఇద్దరూ సగం సగం లాక్కుంటున్నారు. వైరస్‌లోని ఈబీఎన్ఏ1 ప్రోటీన్ ముక్క మన మెదడులోని గ్లియల్‌క్యామ్ అనే ప్రోటీన్‌ని పోలి ఉంటుంది, కొందరిలో యాంటీబాడీలు పొరబడి రెండింటికీ అంటుకుంటాయని 2022లోనే స్టాన్‌ఫర్డ్ వాళ్లు చూపించారు. వైరస్ దాదాపు అందరికీ సోకినా జబ్బు కొందరికే రావడంలో జన్యువులది ఒక పాత్ర. అక్కకి ఉంటే చెల్లికి వచ్చేది యూరప్ లెక్కల్లో నూటికి రెండు మూడే. ఆ అబ్బాయి వాళ్లకి ఈ ముక్క ఎవరైనా చెప్పారా?

మారతహళ్ళి అక్క:
లేదు. మాకే తెలియదు.

లెక్కల మాస్టారు:
ఈసారి అది కూడా చెప్పండమ్మా. చెప్పడం మాత్రం మానకండి.

మారతహళ్ళి అక్క:
చెబుతాం. వంశం అనే మాట మాత్రం నా నోట రాదు.