హైపర్ ఫైలు పగలు పబ్లిష్ అవుతోంది, రాత్రి 401 ఎర్రర్

రాత్రిజాబ్:
మధ్యాహ్నం నుంచి దీంతోనే కూర్చున్నాను, ఇంక ఓపిక లేదు. పైథాన్‌లో హైపర్ ఫైలు (టాబ్లో వాడే డేటా ఫైలు) తయారు చేసి, డ్యాష్‌బోర్డులు చూపించే టాబ్లో సర్వర్‌కి పబ్లిష్ చేస్తున్నాం. అమ్మకాల ఎక్స్‌ట్రాక్ట్ (డేటా కాపీ) రాత్రి షెడ్యూల్‌లో నడిస్తే 401, అంటే లాగిన్ ఎర్రర్, వచ్చి ఆగిపోతోంది. అదే స్క్రిప్ట్ పగలు చేత్తో రన్ చేస్తే చక్కగా వెళ్తోంది. లాగిన్ తప్పయితే పగలు కూడా వెళ్లకూడదు కదా? పొద్దున్నే పాత లెక్కలు కనబడుతున్నాయని నాకే ఫోన్లు. ఎవరైనా చూసి చెప్పండి ప్లీజ్.

పాతకాపు:
సర్వర్ వర్షన్? ఎర్రర్ పూర్తి కోడ్? లాగిన్ దేనితో? ఇవి లేకుండా చెప్పలేం.

హైపర్‌వాది:
అసలు ఉత్త హైపర్ ఫైలు ఎందుకు పంపుతున్నారండీ? డేటా ఏ డేటాబేస్ నుంచి వచ్చిందో అందులో ఉండదు. కాబట్టి సర్వర్ దాన్ని తనంతట తాను రిఫ్రెష్ చేయలేదు, జీవితాంతం మీరే స్క్రిప్ట్ మోయాలి. టీడీఎస్‌ఎక్స్‌గా (డేటాతో పాటు కనెక్షన్ వివరాలూ ఉండే ప్యాకేజీ) పంపి, డేటాబేస్ లాగిన్ అందులోనే ఎంబెడ్ చేస్తే సర్వరే చూసుకుంటుంది. టాబ్లో 10.5 వర్షన్‌లో పాత టీడీఈ ఫైళ్ల బదులు హైపర్ వచ్చినప్పటి నుంచీ అందరికీ ఇదే చెబుతున్నాను.

డ్యాష్‌బోర్డ్ పిల్ల:
ప్రాజెక్టులో పబ్లిష్ పర్మిషన్ ఉందో లేదో చూడండి. మా ఆఫీసులో ఇలాగే అయింది.

పాతకాపు:
పర్మిషన్ లేకపోతే 403. 401 అంటే మీరెవరో సర్వర్ ఒప్పుకోలేదని.

డ్యాష్‌బోర్డ్ పిల్ల:
మాకు సైట్ రోల్ వ్యూయర్‌గా (చూడటానికి మాత్రమే) ఉండబట్టే పబ్లిష్ కాలేదండీ. అదీ పర్మిషనే కదా?

పాతకాపు:
కాదు. సైట్ రోల్ మనిషికి, పర్మిషన్ ప్రాజెక్టుకి. పబ్లిష్ చేయగలిగే క్రియేటర్ రోల్ ఉన్నా ప్రాజెక్టులో అనుమతి లేకపోతే పబ్లిష్ కాదు.

రాత్రిజాబ్:
పర్మిషన్లు అన్నీ ఉన్నాయి, పగలు వెళ్తోందని చెప్పాను కదా. కోడ్ 401002. పర్సనల్ యాక్సెస్ టోకెన్‌తో (పాస్‌వర్డ్ బదులు స్క్రిప్ట్ వాడే కోడ్) సైన్ ఇన్. చిన్న ఫైళ్లు రాత్రి కూడా వెళ్తున్నాయి, పెద్దదే మధ్యలో పోతోంది. మధ్యలో ఉండే ప్రాక్సీ సర్వర్‌లో సైజు లిమిట్ ఏమో అని నెట్‌వర్క్ వాళ్లని అడిగా, లేదన్నారు.

గోదారి అడ్మిన్:
సైజు లిమిట్ అయితే 413 వచ్చేది. ఆ టోకెన్ రాత్రి ఇంకేదైనా జాబ్ వాడుతోందా?

రాత్రిజాబ్:
స్టాక్ లెక్కల స్క్రిప్ట్‌లోనూ అదే టోకెన్. కానీ అది వేరే ప్రాజెక్ట్, దీనికి సంబంధం లేదు. టైం మాత్రం దాదాపు ఒకటే.

గోదారి అడ్మిన్:
సంబంధం అక్కడే ఉంది. ఒక టోకెన్‌తో ఒక సమయంలో ఒక్క సెషనే (సైన్ ఇన్ అయ్యాక నడిచే లాగిన్) నడుస్తుంది. అదే టోకెన్‌తో రెండో స్క్రిప్ట్ సైన్ ఇన్ అవగానే మొదటి సెషన్ రద్దవుతుంది. ఫైలు 64 ఎంబీ దాటితే ముక్కలుగా అప్‌లోడ్ అవుతుంది, ప్రతి ముక్కకీ సెషన్ చెల్లుతుందో లేదో సర్వర్ చూస్తుంది. స్టాక్ జాబ్ వచ్చి సెషన్ తీసేశాక మీ తర్వాతి ముక్కకి 401. చిన్న ఫైలు ఒకే దెబ్బకి వెళ్లిపోతుంది కాబట్టి బతికిపోతోంది. పగలు ఆ రెండో జాబ్ లేదు కాబట్టి మీకు కనబడలేదు. ఒక్కో జాబ్‌కి ఒక్కో టోకెన్ పెట్టండి, పేర్లు కూడా జాబ్ పేరే పెడితే ఏది ఎవరిదో తెలుస్తుంది. షెడ్యూల్ టైం జరిపితే సరిపోదు, ఏదో ఒక రోజు అప్‌లోడ్ ఆలస్యమై మళ్లీ తగులుకుంటాయి.

హైపర్‌వాది:
టీడీఎస్‌ఎక్స్ అయి ఉంటే ఈ టోకెన్ల గొడవే ఉండేది కాదు.

గోదారి అడ్మిన్:
వాళ్ల డేటా పైథాన్‌లో కలిపి తయారయ్యేది కావచ్చు. అప్పుడు సర్వర్ దేన్ని రిఫ్రెష్ చేస్తుంది?

హైపర్‌వాది:
ఆ కలపడం డేటాబేస్‌లోనే వ్యూగా (సేవ్ చేసి పెట్టుకునే క్వెరీ) రాసుకోవచ్చు.

రాత్రిజాబ్:
స్టాక్ జాబ్‌కి వేరే టోకెన్ పెట్టాను. రాత్రి చూడాలి. థాంక్స్ అండి.

డ్యాష్‌బోర్డ్ పిల్ల:
మా టోకెన్ సంక్రాంతి సెలవుల తర్వాత పనిచేయలేదు. అదీ ఇదేనా?

పాతకాపు:
కాదు. వరసగా 15 రోజులు వాడకపోతే టోకెన్ ఎక్స్‌పైర్ అవుతుంది. కొత్తది చేసుకోండి.

డ్యాష్‌బోర్డ్ పిల్ల:
అది చేసినతను ఆఫీసు మానేశాడు. ఇప్పుడు ఎవరి పేరు మీద చేయాలి?